సొరంగం మావ కొలిచిన ఎత్తు

మొన్న మా ఆవిడ కంటి పరీక్షకని చెన్నై వెళ్లి, అక్కడ నేల కింద తిరిగే రైలెక్కాం. రైలు సొరంగంలో దూరగానే ఆవిడ కిటికీకి ముఖం ఆనించి బయటికి చూసింది. చీకటి తప్ప ఏమీ లేదు.

"ఏవండీ, దీనికి కరెంటెక్కడ్నుంచొస్తాది? తీగెలు కనబడవేటి?"

నేను ఆలోచించకుండానే ఒక అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుని, రెండో చేతి నాలుగు వేళ్లు చూపించాను. "ఇక్కడ్నుంచి. జానెడు మీద నాలుగేళ్లు."

ఎదురుసీట్లో తమిళాయన ముందు నా నెత్తి వంక, తర్వాత రైలు కప్పు వంక చూసి, బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాడు. మా ఆవిడ మాత్రం ఫక్కున నవ్వింది. "సొరంగం మావ!" అంది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గుర్తుకొస్తే దిగాల్సిన చోట దిగడం కష్టం. రెండు స్టేషన్లు అవతల దిగి ఆటోలో వెనక్కొచ్చాం.

మావ అంటే మా ఆవిడకి మేనమామా కాదు, నాకు మామగారూ కాదు. ఊరందరికీ మావే. మా కోటబొమ్మాళి వైపు వరసలకి రక్తంతో పని లేదు. మొదట ఎవడు ఎలా పిలిస్తే అదే ఖాయం. ఈయన ఊళ్లోకి తిరిగొచ్చిన రోజున టీకొట్టు దగ్గర ఎవడో "ఏటి మావా, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అంటే, "సొరంగంలో" అన్నాడు. అంతే, పేరూ వరసా రెండూ ఒక్క కప్పు టీతో తెమిలిపోయాయి.

నిజంగానే ఎనిమిదేళ్లు సొరంగంలో పనిచేసి వచ్చాడు. ఏ దేశపు సొరంగమో మాత్రం చివరిదాకా తేలలేదు. స్కూలు మేష్టరు అడిగితే రష్యాకి పైనుందనేవాడు. చేపలమ్మే ఆవిడ అడిగితే సింగపూరు పక్కన అనేవాడు. నేను అడిగితే, "నీకెందుకురా, నీకు సెప్తే రేపు నువ్వే అక్కడ పుట్టేనంటావు" అనేవాడు. ఆ భయంలో న్యాయం ఉంది. ఊళ్లో అబద్ధాలకి అప్పటిదాకా నాదే గుత్త. తుపానుకి మా పెరట్లో కొబ్బరిచెట్టు లేచిపోయి, పక్కూళ్లో నాటుకుని, మూడో నెల నుంచి కాపు మొదలెట్టిందని నేను చెబితే ఊరంతా నోరు తెరుచుకుని వినేది. ఈయన ఒక్కడే బీడీ ఆర్పి, "కాయలెవులివి? మీవా, ఆళ్లవా?" అన్నాడు. ఆ రోజే నాకు గురువు దొరికాడు.

ఆయన కథ ఇది. ఆ దేశంలో నేల కింద రైళ్లు ముత్తాతల కాలం నుంచీ ఉన్నాయి. వాటికి కరెంటు పై నుంచి రాదు. రెండు పట్టాల పక్కన మూడో పట్టా ఒకటి ఉంటుంది. కరెంటంతా దాన్లోనే. రైలు అడుగున చెప్పులాంటి ఇనపముక్క ఆ పట్టాని రాసుకుంటూ పోతుంది. ఊరి బయట తిరిగే రైళ్లేమో అన్నీ నెత్తి మీద తీగెతో నడుస్తాయి. అందుకని బయటి రైలు లోపలికి రాలేదు, లోపలి రైలు బయటికి పోలేదు. 

"ఒక్కింటి తోడికోడళ్లురా. ఒకలి గుమ్మం ఒకలు తొక్కరు" అనేవాడు మావ.

ఈ తగువు తీర్చడానికి అక్కడి సర్కారు లోపలి రైళ్లని కూడా నెత్తి మీద కరెంటుకి మార్చాలనుకుంది. చిక్కేమిటంటే సొరంగం తవ్వినవాళ్లు రైలుకి సరిగ్గా సరిపోయేట్టు తవ్వారు. చొక్కా కుట్టించాక ఒళ్లు వచ్చినట్టయింది సంగతి. ఇక్కడికొచ్చేసరికి మావ టీగ్లాసు బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకునేవాడు.

"కప్పు లేపుదావంటే పైన ఊరున్నాది. రోడ్డున్నాది, బేంకున్నాది, ఎవులిదో పెల్లి జరుగుతున్నాది. నేల దింపుదావంటే కింద ఊటున్నాది. మద్దిన రైలు. మరి తీగెక్కడెడతావు? సెప్పు."

చెప్పడానికి మేమెవరం? నోరెళ్లబెట్టేవాళ్లం.

"తీగంటే మెత్తంది. ఏలాడతాది. ఏలాడేదానికి జాగా గావాల. అందికే తీగె మానీసి కడ్డీ ఎట్టేం. అల్లూమినీ కడ్డీ. దాని పొట్టలో రాగితీగె ఇరికించీసేం. కడ్డీ ఏలాడదు, ఊగదు. జానెడు మీద నాలుగేళ్లు. ఆ జాగాలో మొత్తం కరెంటంతా అమర్చీసేం!"

"మరి మార్చినన్నాళ్లూ రైళ్లాపీసేరా?"

"ఆపితే ఊరూరుకుంటాదా? రైళ్లు లేని నాలుగ్గంటల్లోనే పని. తెల్లారేసరికి మొదటి బండి ఎప్పట్లాగే కింది పట్టా మీంచి పోవాల. కొత్త కోడలికి వంట వొచ్చేదాకా ముసిల్దాన్ని పొయ్యికాడ్నుంచి లేపకూడదురా."

ఇంతవరకూ ఒక పద్ధతిలో ఉండేది. ఆ తర్వాత దారి తప్పేది. ఒకరోజు కప్పుకి రంధ్రం వేస్తుంటే తొలిచే బర్మా పైకి పోయి పోయి ఒక మంత్రిగారి కుర్చీ కింద తేలిందట. 

"మంత్రి లెగిసీసేడా?" 

"కుర్సీలోంచా? మంత్రా? ఆడెందుకు లెగుస్తాడు?"

మీరు గమనించారో లేదో, దేశం మారేది, మంత్రి మారేవాడు, ఒకసారి మంత్రి బదులు రాణీగారు కూడా కూర్చుంది. జానెడు మీద నాలుగేళ్లు మాత్రం ఏ ఏడూ వేలెడు పెరగలేదు, తరగలేదు. ఈ విద్యలో ముదిరినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: అబద్ధానికి ప్రతి ఏటా ఒళ్లొస్తుంది. నిజమొకటే బక్కగా అలాగే ఉండిపోతుంది. 

సొరంగం ఆయన ఒంట్లోంచి పోలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు కప్పు చూసేవాడు, తర్వాత మనిషిని. ఆరుబయట పొలం గట్టు మీద కూడా తల కాస్త వంచి నడిచేవాడు. గుమ్మంలోకి రాగానే చెయ్యెత్తి ద్వారబంధానికీ తన నెత్తికీ మధ్య జానా వేసి, "పరవాలేదు, రావొచ్చు" అనేవాడు. ఇంటివాళ్లు పిలవక ముందే.

ఊళ్లో ఏ తాడూ వేలాడితే సహించేవాడు కాదు. బట్టలారేసే తాడు కనబడితే చాలు, ఆ ఇంటి ఆడవాళ్లని అడక్కుండా దొడ్లో దూరి బిగించేసేవాడు. మా తాడైతే ఎంత బిగించాడంటే, దాని మీద వాలిన కాకి మళ్లీ పాతపట్నంలో దిగింది. ఇది నా మాట కాదు, కాకిని అక్కడ చూసినవాళ్లు చెప్పారు.

ఇక ఎర్తు. పనిచేసే ముందు కరెంటు ఆపితే చాలదట. ఆపిన తీగెని కూడా ఇనపగొలుసుతో భూమికి కలిపేదాకా ముట్టుకోకూడదట. ఈ సూత్రాన్ని ఆయన సమస్త మానవాళికీ వర్తింపజేశాడు. ఎవరైనా పెళ్లిసంబంధం గురించి చెబితే, "కుర్రోడు మెత్తనోడంటన్నారు సరే. ఎర్తు సేసి సూసేరా?" ఎన్నికలముందు ఎవరైనా నవ్వుతూ దండం పెడితే, వెనక్కి తిరిగి నాతో, "ఆగి ఉన్నాడంతే. సచ్చిపోనేదు. ముట్టుకోకు." తనకి కోపమొస్తే ఇంటి ముందు బోరింగు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి, కోపం భూమిలోకి దిగాకే లోపలికి పోయేవాడు. అత్త, అంటే ఆయన భార్య, లోపలినుంచి అరిచేది: "దిగిందా? దిగితే బిందె నింపుకురా!"

ఆ బోరింగు దగ్గర ఆయన వరసగా పదహారు రోజులు నిలబడిన ఏడాది ఒకటుంది. అది చెప్పాలనే ఇదంతా.

మా ఊరి పక్కనుంచి ఒడిశా వైపు ఒంటి రైలు లైను పోతుంది. అది ఊరిని రెండు ముక్కలు చేసింది. ఇటు ఊరు, అటు పేట. మావ ఇల్లు పేటలో. మధ్యన గేటుండేది. ఆ లైనుకి కరెంటు పెట్టే పనొచ్చినప్పుడు మావ మేస్త్రీగా చేరాడు. సొంతూరి గేటు దగ్గర తీగె తన చేత్తోనే లాగాడు. ఆ రోజు పేటంతా వచ్చి చూసింది. "సూడండి, ఊగుతాదేమో!" అని ఆయన మీసం మెలేశాడు. తీగె ఊగలేదు. ఆర్నెల్లకి గేటు తీసేసి గోడ కట్టారు. మనుషులూ బళ్లూ పోవడానికి లైను కింద సిమెంటు దారి వేశారు. రెండు పక్కలా ఏటవాలు, మధ్యన పొట్టి కప్పు.

అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. మరి సిరిమాను?

మా ఊరి అమ్మవారి జాతరకి తాటిచెట్టంత పొడుగు చింతమానుని బండి మీద ఇరుసుకి బిగిస్తాం. సన్నటి కొసకి చిన్న పీట. దాని మీద పూజారి కూర్చుంటాడు. మొదలు దగ్గర మనుషులు తాళ్లతో కిందికి గుంజితే కొస ఆకాశంలోకి లేస్తుంది. అలా కూర్చున్నంతసేపూ ఆయన పూజారి కాదు, అమ్మవారే. రెండు కట్టుబాట్లున్నాయి. కూర్చున్నాక ఊరంతా తిరిగేదాకా దిగకూడదు. ఎవరి తలా అమ్మవారి పాదాల కంటే ఎత్తులో ఉండకూడదు. అందుకే ఆ రోజు మా ఊళ్లో డాబాలెక్కరు. 

ఇంకొక ముఖ్యమైన సంగతి: పేట అమ్మవారి పుట్టిల్లు. అక్కడి ఆడపడుచు బండి చక్రాల మీద పసుపునీళ్ల బిందె కుమ్మరిస్తేనే జాతర పూర్తయినట్టు. ఆ హక్కు మా అత్త పుట్టింటివాళ్లది. అంటే అత్తది. అంతకుముందు వాళ్ల మేనత్తది.

ఇదివరకు మాను ఠీవిగా నిలబడి గేటు దాటేది. ఇప్పుడు దారికి గోడ, నెత్తికి తీగె. జాతరకి పదహారు రోజులుందనగా ప్రెసిడెంటు పంచాయితీ పెట్టాడు.

"ఏటి సేస్తాం? లైను దాకా తెచ్చి తిప్పీడమే. పేటోళ్లు ఇటొచ్చి సూసుకుంటారు. నాలుగడుగులే గదా."

వెనకనుంచి అత్త గొంతు లేచింది. "పుట్టింటికి ఆడపిల్లొస్తాదా, ఆడపిల్లకాడికి పుట్టిల్లు నడిసెల్తాదా బాబూ?"

"ఆ మాట మీ ఆయన్నడుగు. తీగె కట్టింది ఆడే."

"ఒక్కపూట కరెంటాపమంటే ఆపరా?" అన్నారెవరో.

"కరెంటాపుతారు. తీగెను ఆపుతారేటి? అదక్కడే ఉంటాది" అన్నాడు మావ, తల దించుకుని.

జనమంతా ఆయన్నే చూశారు. అత్త ఆయన ముందుకొచ్చి నిలబడింది. "ఎక్కడో నేల కింద ఎవులికో తోవ సేసొచ్చేవు. సొంతూర్లో అమ్మోరికి తోవ మూసీసేవు. ఇంకేటి, మీసం దువ్వుకో" అని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడ్డం మానేసింది. చెప్పాల్సినవి పెరట్లో కోడికి చెప్పేది. "కోడీ, కూడు దించేను, తిన్నోలు తినొచ్చు." ఆ కోడి మహా గంభీరమైనది. ఒక్కమాట కూడా చేరవేసేది కాదు. మావ బోరింగు పట్టుకుని నిలబడేవాడు. కోపం దిగడానికి కాదని నాకు తెలుస్తూనే ఉంది.

రెండో రోజు సాయంత్రం పంచాయితీకి వెళ్లి, "కింద నుంచి తెస్తాను" అన్నాడు.

ప్రెసిడెంటు నవ్వాడు. "తాటిసెట్టుని బిలంలో దూరుస్తావా?"

"నిలబెట్టి కాదు. పడుకోబెట్టి. దారి తిన్నగా ఉన్నాది, మలుపు లేదు. కొలిసేను. పూజారిగారు పీట మీద కూకుంటే పాగాకీ కప్పుకీ మద్దిన నాలుగేళ్లు మిగులుతాది."

పూజారి మంచివాడే గానీ కట్టుబాటు మనిషి. "నాను దిగను. వంగను. అది సరే, మాను పడుకుంటే అమ్మ పాదాలు మీ బొడ్డుల కాడికొస్తాయి. మీ తలలేమో పైన. ఒక్క తల ఎత్తుగా ఉన్నా నాను రాను. ఇటే తిప్పీమంటాను."

పంచాయితీ చప్పబడింది. మావ కప్పు వంక చూశాడు, నేల వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"కప్పు లేపలేం. నేల దింపలేం. మాను కొయ్యలేం" అన్నాడు నెమ్మదిగా. "ఇంక మిగిలింది మనవే. జనాన్ని దింపుదాం. అందరూ కూకోండి."

"కూకుని బండెలా లాగుతార్రా?"

"పడవలో తెడ్డెయ్యరా? నాను ఆ సొరంగంలో ఎల్లకిలా పడుకుని బోల్టులు బిగించేను. కూకుని తాడు లాగలేరా?"

ప్రెసిడెంటు తెలివైనవాడు. కొత్త మెలిక దొరికింది. "అవతలి ఏటవాలు మీద కూకున్నోడు, కూకున్నా గానీ, అడుగునున్న అమ్మోరి కన్నా ఎత్తులో ఉన్నట్టే గదా?"

పూజారి కూడా తలూపాడు. మావ లేచి నిలబడ్డాడు.

"ప్రెసిడెంటు బాబూ, రైలుపనిలో ఎత్తంటే పట్టా మీంచి లెక్క. సముద్రం మీంచి కాదు. ఎవుడి ఎత్తు ఆడి కాళ్ల కింద నేల మీంచే. నువ్వన్నట్టైతే రామతీర్థం కొండ మీద మేకలు కాసినోడు అమ్మోరికన్నా ఎత్తా?"

పూజారి కళ్లు మూసుకుని ఆలోచించాడు. మేకలవాణ్ణీ అమ్మవారినీ పక్కపక్కన నిలబెట్టి చూసుకున్నాడనుకుంటాను. "సరే" అన్నాడు. "కానీ ఒక్క తల లెగిసినా..."

"లెగవదు."

అలా ఆయన తల పందెం పెట్టాడు. పేటకి అమ్మవారు వస్తుందా రాదా, అత్త చేతి బిందె ఒలుకుతుందా ఇంట్లోనే ఉంటుందా, అన్నీ ఆ నాలుగు వేళ్ల సందులో ఇరుక్కున్నాయి.

ముందుగా ఒకసారి చేసి చూడాలన్నాడు. అసలు మాను మీద పూజారి తప్ప ఎవరూ కూర్చోకూడదు. అందుకని రెండు సరుగుడు బాదులు, అంటే పొడుగాటి కర్రలు, జతచేసి, అంతే పొడవుకి తెచ్చి, ఒక బండికి కట్టి, కొసకి మా ఇంటి కుర్చీపీట తగిలించాడు. ఇక పూజారి బదులు మనిషి కావాలి.

"రారా" అన్నాడు నాతో.

"నానెందుకు?"

"నిలబడితే ఆయన నీకన్నా జానెడెత్తు. కూకుంటే ఇద్దరూ సమానం. నీ ఎత్తంతా నడుం మీదే ఉన్నాది. అదీగాక నీ అబద్ధాలకి కొమ్ములుంటాయి గదా, అయి కప్పుకి గీసుకుంటాయేమో కూడా సూద్దాం."

నెత్తికి పాగా చుట్టి కూర్చోబెట్టారు. మొదలు దగ్గర నలుగురు తాళ్లు పట్టుకున్నారు. బండి ఏటవాలు దిగింది. దిగుతున్న కొద్దీ నా కింద బాదు ఊగడం మొదలుపెట్టింది. కిందికీ, మీదికీ. కప్పు మొదలవగానే ఒకసారి మీదికి వెళ్లాను. పాగా ఊడి వెనక పడింది. రెండోసారి వెళ్లినప్పుడు నెత్తి మీద సిమెంటు ముద్ర పడింది. "ఓలమ్మో! దించండ్రో!" అన్నాను. అమ్మవారి నోట రాదగ్గ మాట కాదు.

అందరూ నవ్వుతున్నారు. మావ నవ్వలేదు. ఆ కప్పు కిందికి రాగానే ఆయన వేరే మనిషైపోయాడు. గొంతు తగ్గింది. చెయ్యి గోడకి ఆనించి, చెవి పెట్టి విన్నాడు. బాదుని ఒక వేలితో నొక్కి, ఊగడం చూశాడు.

"తప్పు నాదే" అన్నాడు. "తాడు మీద నిలబెట్టేను. తాడు మీదున్నది ఏలాడతాది. అక్కడా తొలీత ఇదే తప్పు సేసేం. తీగె ఎట్టేం. మొదటి బండికే కప్పుకి తగిలి నిప్పులొచ్చేయి. ఇద్దరికి సేతులు కాలేయి."

ఈ నిప్పుల సంగతి టీకొట్టు దగ్గర ఎన్నడూ చెప్పలేదు. మంత్రుల్నీ రాణుల్నీ చెప్పినవాడు ఇది దాచుకున్నాడు. చొక్కా చేతులు ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా గుండీ పెట్టుకుని ఎందుకుంటాడో నేను అడగలేదు. ఎదురుగా కప్పు కింద నిలబడి ఉన్నాడు. ఆ కప్పు కింద ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"తాళ్లిప్పీండి. కడ్డీ సేద్దాం దీన్ని" అన్నాడు.

రాజాం నుంచి ఇనపపట్టీలు తెప్పించి, మొదలునీ నడుమునీ బండికి బోల్టులతో బిగించాడు. మళ్లీ నన్నెక్కించాడు. ఈసారి బాదు కదల్లేదు. కప్పు నా నెత్తి మీంచి నెమ్మదిగా, నీడలా జరిగిపోయింది. అవతలికి తేలాక పాగా తడుముకుని చూసుకున్నాను. ఉంది.

జాతర మంగళవారం. నాలుగ్గంటలకి మాను లైను దగ్గరికొచ్చింది. మొక్కుకున్నవాళ్లు మాను మీదికి విసిరే అరటిపళ్లు గాల్లో ఎగురుతున్నాయి, డప్పులు మోగుతున్నాయి. మావ చెయ్యెత్తాడు. డప్పులాగాయి. కొస మెల్లగా కిందికి దిగింది. పట్టీలు బిగించారు. పూజారి పీట మీద కళ్లు మూసుకుని, కొయ్యబొమ్మలా ఉన్నాడు.

"కూకోండి!"

ముందు ఎవరూ కూర్చోలేదు. పక్కవాడు కూర్చుంటే చూద్దామని ప్రతివాడూ పక్కవాణ్ణి చూశాడు. తర్వాత పేటవైపు ఏటవాలు మీద ఆడవాళ్లు కూర్చున్నారు. తాళ్లవాళ్లు కూర్చున్నారు. దారి చివర మొదటి ఇల్లు రిటైరైన నర్సమ్మగారిది. వాళ్లది చర్చి కుటుంబం. ఏటా జాతర రోజున "గాలికి" అరుగు మీద నిలబడుతుంది. మావ ఆవిడ వంక చూశాడు. "మా దేవుడు యేరు నాయినా" అంది ఆవిడ, పీట లాక్కుంటూ. "అయినా మోకాళ్ల నొప్పులు. కూకోడానికి నాకేటి?"

ఊరివైపు కూడా అందరూ కూర్చున్నారు, ఒక్క ప్రెసిడెంటు తప్ప. తెల్లపంచె, కింద రాత్రి వాన బురద.

"నాను పక్కకుంటానులే" అన్నాడు.

అవతలి ఏటవాలు మీంచి, బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్త అరిచింది. సొరంగంలో ఆ గొంతు రెండింతలైంది. "ఊరు మొత్తం కూకున్నాది బాబూ! తమరొక్కలే అమ్మోరికన్నా ఎత్తా?"

ప్రెసిడెంటు కూర్చున్నాడు. బురద చేసిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"ఇంకొక్క తలున్నాది" అన్నాడు పూజారి, కళ్లు తెరవకుండానే.

అందరం చుట్టూ చూశాం. నిలబడి ఉన్నది మావే. కప్పు అంచు దగ్గర, సందు వైపు కన్ను పెట్టి.

"పూజారిగారూ, నాను సూడాల. సూడకపోతే ఎలాగ? తగిల్తే..."

"నువ్వే సెప్పేవు గదా, ఒక్క తల లెగవదని."

ఎర్తు చెయ్యందే ఏదీ ముట్టుకోని మనిషి. ప్రతి గుమ్మానికీ జానా వేసి చూసుకునే మనిషి. ఇప్పుడు చూడకుండా, కొలవకుండా, తన పాత కొలతని నమ్ముకుని బండి కదిలించాలి. తగిలితే పూజారి తల, ఊరి పరువు, ఇంట్లో మాట, మొత్తం పోతాయి. నేను ఆయన పక్కనే బురదలో ఉన్నాను. చొక్కా అంచు పట్టి లాగాను. "కూకో మావా. నానెక్కి సూసేను గదా. నాలుగేళ్లు."

"నువ్వు సెప్పేవని నమ్మమంటావా? నిన్నా?"

"ఈ ఒక్కసారికి."

కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, నేల చూస్తూ, "లాగండి" అన్నాడు.

చప్పుడు లేదు. కూర్చున్నవాళ్ల తాడు కిర్రుమనడం, చక్రాల కింద బురద నలగడం, అంతే. మా ముఖాల ముందు నుంచి అమ్మవారి పాదాలు పోయాయి. అంత దగ్గరగా మేం ఎన్నడూ చూడలేదు. ఏటా ఆకాశంలో చుక్కలా కనబడే పాదాలు, పసుపు, పారాణి, ఎడమకాలికి పాతబడిన మెట్టె. అందరం తలెత్తి చూశాం. వెనక తాడు పట్టుకున్నవాళ్లు కూర్చునే జారుకుంటూ వచ్చారు. ఆ ఏడు మా ఊళ్లో వెనకభాగం చిరగని పంచె లేదు.

అవతల వెలుగులోకి కొస తేలింది. పట్టీలు విప్పారు. మాను లేచింది. జనం లేచారు. డప్పులు ఒక్కసారిగా పగిలేట్టు మోగాయి. అత్త బిందెడు పసుపునీళ్లూ చక్రాల మీద కుమ్మరించి, ఖాళీ బిందె చంకనెట్టుకుని, ఇంకా బురదలోనే కూర్చున్న మావ దగ్గరికొచ్చింది. 

"తగల్నేదు" అంది.

"తగల్నేదా?"

"సెప్తన్నాను గదా. లెగు."

పదహారు రోజుల తర్వాత మొదటి మాట. కోడికి ఆ రోజుతో ఉద్యోగం పోయింది.

మరుసటి ఏడు కూడా అలాగే తెచ్చారు. ఆ మరుసటి ఏడు కూర్చోమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నాలుగో ఏడు విజయనగరం నుంచి జాతరల మీద పుస్తకం రాస్తున్నాయన ఒకడొచ్చాడు. పేటలో మంచమేసుకుని కూర్చున్న మావని అడిగాడు. అప్పటికి ఆయనకి జబ్బు చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"తాతగారూ, ఈ కూర్చునే ఆచారం ఎప్పటిది?"

చూద్దాం, ఏ దేశం వస్తుందో, ఏ రాణి దిగుతుందో అని చెవులు రిక్కించాను. మావ ఒకసారి నా వంక చూశాడు.

"శానా పాతది బాబూ" అన్నాడు. "రైలు లేనప్పటిది. అప్పుడిక్కడ కొండుండేది. కొండ కింద బిలం. అమ్మ పుట్టింటికి ఆ బిలంలోంచే వొచ్చేది. తోవ పొట్టిదని ఊరు ఊరంతా కూకునేది. మా ముత్తాత సెప్పేడు. ఆడికి ఆల్ల ముత్తాత సెప్పేడు."

ఆయన మొత్తం రాసుకున్నాడు. నేను నోరు తెరవబోయాను. మావ చిటికెనవేలు ఎత్తి ఆపాడు.

ఆ పుస్తకం వచ్చిందట. మా ఊరి గురించి రెండు పేజీలున్నాయట. ఇప్పుడు నేను కాదని చెబితే మా ఊళ్లో నమ్మేవాడెవడు? నా మాటకున్న విలువ అలాంటిది. కానీ ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఒక్కటి గట్టిగా చెప్పగలను. మావ తన జీవితంలో కొన్ని వందల అబద్ధాలు ఆడాడు. వాటన్నిట్లోనూ ఆయనున్నాడు. ఆయన లేని అబద్ధం అదొక్కటే.